బఫెలోలో ఏడో రౌండు

బఫెలో వెళ్ళొచ్చామని చెప్పగానే అందరూ నయాగరా ఎలా ఉందని అడుగుతున్నారు. మేము నయాగరా చూడలేదు. జలపాతానికి అరగంట దూరంలో రెండు రోజులుండి, ఒక ఐస్ హాకీ స్టేడియంలో కూర్చుని, మైకులో కుర్రాళ్ళ పేర్లు చదువుతుంటే విని వచ్చేశాం. అక్కడ ఆట కూడా లేదు. ఆడే చోట పలకలు పరిచి, బల్లలు వేసి, కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. దీనికోసం మేము పదకొండు గంటలు కారులో వెళ్ళాం. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మేముండే అరోరాలో మా మిత్రులు నాతో కొంచెం నెమ్మదిగా, జాగ్రత్తగా మాట్లాడుతున్నారు.

అందుకే ఇది రాస్తున్నాను. మీరెవరూ ఇలాంటి ప్రయాణం చేయరు. చేసినవాడు ఎందుకు చేశాడో, అక్కడ ఏం నిర్వాకం వెలగబెట్టాడో కనీసం తెలుస్తుంది.

నా పేరు శేషగిరి. సొంతూరు తెనాలి, వయసు అరవై ఒకటి. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం, అంటే తయారైన మాత్రల్లో లోపాలు వెతకడం. ముప్పై ఏళ్ళు అదే పని చేస్తే మనిషికి ఎటు చూసినా లోపాలే కనిపిస్తాయి. నా భార్య ఉష వరంగల్ మనిషి. ఆమెకు మాత్రం నా లోపాలే కనిపిస్తాయి.

మా అమ్మాయి సాహితి మిషిగన్‌లో, మా ఇంటికి రెండున్నర గంటల దూరంలో ఉన్న కాలేజీలో చదివింది. అక్కడి బ్యాండులో ట్రాంబోన్ వాయించేది. ఆ బ్యాండు హాకీ మ్యాచుల్లో వాయిస్తుంది. పిల్ల ఊదే బాకా వినడానికి వెళ్ళి, ముందు చలికి తిట్టుకుని, తర్వాత ఆట ఏమిటని అడిగి, మూడో ఏడాదికి సీజన్ టికెట్లు కొనేశాం. పిల్ల చదువైపోయి శాంటా క్లారాలో ఉద్యోగంలో చేరింది. మా చదువే ఇంకా అవలేదు.

ఇక డ్రాఫ్ట్ అంటే ఏమిటో చెప్పాలి. మన ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తుంది కదా, ర్యాంకు వరసలో పిల్లల్ని పిలిస్తే వాళ్ళు కాలేజీ ఎంచుకుంటారు. ఇక్కడ తిరకాసు. ముప్పై రెండు ప్రొఫెషనల్ జట్లు వరసలో నిలబడి పిల్లల్ని ఎంచుకుంటాయి. అలా ఏడు రౌండ్లు. మొదటి రౌండు శుక్రవారం సాయంత్రం, మిగతా ఆరూ శనివారం. పేరు పిలిచారంటే ఆ కుర్రాడి మీద ఆ జట్టుకి హక్కు వచ్చినట్టు. వాడు కాలేజీలో ఆడుకుంటూనే ఉండొచ్చు, పిలిచినప్పుడు వెళ్తాడు. ఇరవై ఏళ్ళ వాడికి అదే చివరి అవకాశం. ఆ తర్వాత ఈ జాబితాలో పేరుండదు.

ఈ ఏడాది మా కాలేజీ నుంచి ముగ్గురి పేర్లు వినబడ్డాయి. ఒక ఫార్వర్డ్, ఒక గోల్‌కీపరు. వీళ్ళిద్దరికీ ఢోకా లేదన్నారు. మూడోవాడు డిఫెన్స్ ఆడే బెన్నెట్, ఇరవై ఏడో నంబరు. రెండేళ్ళుగా ఎవరూ పిలవలేదు. ఇది ఆఖరుసారి.

మిషిగన్: పోయిన గంట

గురువారం పొద్దున్నే బయల్దేరాం. దారిలో మార్జ్‌ని ఎక్కించుకోవాలి. మార్జ్‌కి డెబ్భై రెండు. స్కూలు బస్సు నడిపి రిటైరయింది. స్టేడియంలో మా పక్క సీటు ఆవిడదే. మాకు హాకీ నేర్పిన గురువు ఆవిడే. మొదటి ఏడాది నేను అడిగిన ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెప్పిన ఒకే ఒక్క మనిషి.

పదింటికి వస్తామని చెప్పి సరిగ్గా పదింటికి ఆవిడ గుమ్మం ముందు కారు ఆపాను. నా వాచీలో పది. ఆవిడ పెట్టె మీద కూర్చుని ఉంది.

"షేష్, ఇప్పుడు పదకొండు" అంది.

మిషిగన్ గడియారం మాకంటే గంట ముందు నడుస్తుంది. ఆరేళ్ళుగా ఆ సరిహద్దు దాటుతున్నాను. ఆరేళ్ళుగా ఆ గంట నాకు ప్రతిసారీ కొత్తే.

కారెక్కగానే మార్జ్ వెనక సీటులోంచి చెయ్యి చాపింది. "ఊషా, ఆ కరకరలాడే తీగలు తెచ్చావా?"

ఉష కారప్పూస డబ్బా అందించింది. మేము తీసుకెళ్ళిన మిగతా తినుబండారాలేవీ ఆవిడ ముట్టదు. కారప్పూస మాత్రం మాకు మిగల్చదు.

అప్పుడే సాహితి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను.

"నాన్నా, యూ గైస్ ఆర్ యాక్చువల్లీ గోయింగ్? డ్రాఫ్ట్‌కి? మన ఫ్యామిలీలో ఎవరున్నారు దాంట్లో?"

"మన టీమ్ కదమ్మా."

"నా గ్రాడ్యుయేషన్‌కి లేట్ వచ్చారు మీరు. దీనికి ఒకరోజు ముందే వెళ్తున్నారు."

"అది ఆ గంట తేడా వల్ల..."

"ఐ నో, ఐ నో. ఓకే. ప్లీజ్ డోంట్ వేర్ ద జెర్సీ నాన్నా. నీ టమ్మీ..."

అప్పటికే తొడుక్కుని ఉన్నాను. సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను.

టొలీడో దాటాక: ఫిన్‌లాండ్ వాడు

ఇక్కడ మీకో విషయం ఒప్పుకోవాలి. ఆ రోజు కారులో ఉన్నవాళ్ళకి కూడా చెప్పని విషయం.

మా జట్టు అభిమానులకి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉంది. ఎవరి అసలు పేర్లూ ఉండవు. నేను అందులో మూడేళ్ళుగా 'బ్లూలైన్ బాబాయ్' అనే పేరుతో రాస్తున్నాను. బ్లూలైన్ అంటే ఆటస్థలం మీద అడ్డంగా ఉండే నీలం గీత. బాబాయ్ అంటే మీకు తెలిసిందే. ఆ ఫోరంలో మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరో బాబాయ్ అన్నది ఫిన్‌లాండ్ పేరని తేల్చేశారు. ఆ దేశం వాళ్ళకి హాకీ బాగా తెలుసు. దాంతో నా మాటకి విలువ పెరిగింది. నేను కాదని చెప్పలేదు. కంపెనీలో నా రిపోర్టులు ఎవరూ చదవరు. ఇక్కడ 'బాబాయ్ ఏమంటాడో చూద్దాం' అని జనం ఎదురుచూసేవారు. అరవై దాటిన మనిషికి అది చాలా ప్రమాదకరమైన సుఖం.

ఫిబ్రవరిలో ఒక మ్యాచ్ ఓడిపోయాం. బెన్నెట్ పక్కనుంచే గోల్ వెళ్ళింది. ఇంటికొచ్చిన ఊపులో రాశాను: 'కైండ్లీ నోట్: ఇరవై ఏడో నంబరు వెనక్కి స్కేటింగ్ చేస్తుంటే రోడ్డు రోలరు రివర్స్ గేరులో వస్తున్నట్టుంది. బీప్, బీప్ అనే చప్పుడొక్కటే తక్కువ. ఇతన్ని ఈ జన్మలో ఎవరూ డ్రాఫ్ట్ చేయరు.'

ఆ చప్పుడు లోటు రెండు వారాల్లో తీరిపోయింది. మరో ఊళ్ళో మ్యాచ్‌కి వెళ్ళాం. బెన్నెట్ వెనక్కి జరిగినప్పుడల్లా అవతలి కాలేజీ విద్యార్థులు వందలమంది కలిసి 'బీప్! బీప్! బీప్!' అని అరిచారు. నా వాక్యం ఫోరం దాటి ఊళ్ళు తిరుగుతోంది. ఒక్క క్షణం, నిజమే చెప్తున్నాను, పొంగిపోయాను. తర్వాత ఆటలో చివరి భాగమైన మూడో పీరియడ్‌లో, చుట్టుపక్కల ఎవరూ లేనిచోట, వెనక్కి వెళ్తూ వెళ్తూ ఆ పిల్లవాడు తనంతట తానే పడిపోయాడు. స్టేడియం అంతా నవ్వింది.

ఉష నవ్వలేదు. ఆమెకి బెన్నెట్ అంటే ప్రాణం. సీజన్ మొదట్లో ఒకరోజు మ్యాచ్ అయ్యాక అభిమానుల్ని కూడా మంచు మీదికి రానిచ్చారు. జన్మలో స్కేట్లు తొడగని మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, తను వెనక్కి నడుస్తూ, రింకు చుట్టూ ఒక రౌండు తిప్పాడు ఆ అబ్బాయి. ఆ బీప్‌ల రోజున ఉష ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. నేను స్టీరింగు పట్టుకుని రోడ్డు వంక చాలా శ్రద్ధగా చూశాను. ఆ తర్వాత ఫోరంలో ఒక్క ముక్క రాయలేదు.

టొలీడో దాటాక మార్జ్ ఫోన్‌లో ఆ ఫోరమే చూస్తోంది. "మన ఫిన్‌లాండ్ ఆయన ఈమధ్య కనిపించడం లేదు" అంది.

"చచ్చుంటడు" అంది ఉష తెలుగులో.

నేను పెట్రోలు కొట్టించాలని చెప్పి పక్కకు తిప్పాను. ట్యాంకు ముప్పాతిక నిండుగా ఉంది.

క్లీవ్‌లాండ్: ఉడకబెట్టిన కజ్జికాయ

ఆ సాయంత్రం క్లీవ్‌లాండ్‌లో ఆగాం. మార్జ్ మమ్మల్ని ఒక చిన్న హోటల్‌కి తీసుకెళ్ళి పీరోగీలు తినిపించింది. మన కజ్జికాయని నూనెలో వేయించకుండా నీళ్ళలో ఉడికించి, లోపల కొబ్బరికి బదులు బంగాళదుంప ముద్ద కూరితే పీరోగీ. పైన వెన్నలో వేయించిన ఉల్లిపాయలు. ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. ఉష హ్యాండ్‌బ్యాగులోంచి కారం పొడి సీసా తీసింది.

వడ్డించే పెద్దావిడ అది చూసి ఆగిపోయింది. ఏమిటని అడిగింది. ఉష చిటికెడు ఆవిడ అరచేతిలో వేసింది. ఆవిడ నాకి, కళ్ళు మూసుకుని, వంటగదిలోకి వెళ్ళి వంటాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన కూడా నాకాడు. తర్వాత ఇద్దరూ మాకు రెండో ప్లేటు ఊరికే ఇచ్చారు. మా ప్రయాణం మొత్తంలో మావాళ్ళెవరైనా గౌరవం సంపాదించారంటే అది ఆ కారం పొడి సీసా ఒక్కటే.

ఈరీ: చెర్రీలు

శుక్రవారం పొద్దున ఈరీ సరస్సు ఒడ్డు వెంబడే తూర్పుకి వెళ్ళాం. రోడ్డు పక్కన ద్రాక్షతోటలు. ఒకచోట చెర్రీలు అమ్ముతున్న బల్ల కనిపిస్తే ఆగాం. బుట్ట ఆరు డాలర్లు. అమ్మే ఆవిడ కుర్చీలో కూర్చుని ఏదో అల్లుకుంటోంది. మా ముగ్గురి ఒంటి మీదా ఒకే జెర్సీ చూసింది.

"కుటుంబమా?" అని అడిగింది.

"హాకీ" అంది మార్జ్.

"మీ అబ్బాయి ఆడతాడా?" అని నన్నడిగింది.

"లేదండీ. ఎవరి అబ్బాయో ఆడతాడు."

ఆవిడ కాసేపు ఆలోచించి, "పాపం" అన్నట్టు గుప్పెడు చెర్రీలు ఎక్కువ వేసింది. ఆ పాపం ఆ అబ్బాయి మీదో నా మీదో అడగలేదు.

బఫెలో, శుక్రవారం: మంచి నరాలు

స్టేడియంలో నీళ్ళ సీసా ఏడు డాలర్లు. ఆ ధరకి మన ఊళ్ళో కడుపునిండా భోజనం వస్తుంది. లోపల ఎటుచూసినా అమ్మానాన్నలే. కొత్త కోట్లు వేసుకున్న కొడుకుల పక్కన, పెళ్ళిపందిట్లో మగపెళ్ళివారు రాకముందు కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. పిల్లవాడి పేరు పిలవగానే ఆ కుటుంబం మొత్తం ఒకేసారి లేచి ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తుంది. మనవాళ్ళు అప్పగింతలప్పుడు ఏడుస్తారే, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ ఏడిపించేది కొడుకులు.

మా ఫార్వర్డ్ కుర్రాడి పేరు మొదటి రౌండులోనే పిలిచారు. మేము ముగ్గురం గొంతులు పోయేలా అరిచాం. ఆ సంబరంలో నేను తినడానికేదో తెస్తానని క్యూలో నిలబడ్డాను. ఉష వెంట వచ్చింది. మా ముందు ఇరవై ఏడో నంబరు జెర్సీ వేసుకున్న ఒకావిడ ఉంది. ఉష ఒక్క ఉరుకున వెళ్ళి ఆవిడ భుజం తట్టింది.

"మీరు బెన్నెట్ ఫ్యానా?"

"నేను వాడి అమ్మని" అంది ఆవిడ. పేరు డెబ్రా. మిషిగన్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో ఆస్పత్రిలో రక్తం తీసే ఉద్యోగం. నాతో చెయ్యి కలిపి, చెయ్యి వదలకుండా నా ముంజేతి వంక చూసింది. "మీ నరాలు బావున్నాయి. ఒక్క పోటుకే దొరుకుతాయి" అంది. నా ఒంట్లో మెచ్చుకోదగిందేదో ఉందని అప్పుడే తెలిసింది.

బెన్నెట్ తనని మంచు మీద తిప్పిన సంగతి ఉష చెప్పింది. డెబ్రా మొహం వెలిగింది. తర్వాత ఎందుకో తగ్గింది.

"వాడికి వెనక్కి స్కేటింగ్ చేయడమంటేనే భయం పట్టుకుంది ఈమధ్య. మీకు తెలుసుగా, ఆ బీప్‌లు. మార్చిలో రెండు వారాలు నాకు ఫోన్ చేయలేదు. తెల్లారకముందే లేచి ఒక్కడే రింకుకి వెళ్ళి వెనక్కి, వెనక్కి, వెనక్కి. చివరికి కోచ్ వాడి దగ్గరున్న రింకు తాళంచెవి తీసేసుకున్నాడు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఎవరో ఫిన్‌లాండ్ వాడు రాశాడట మొదట. బబ్బేయ్ అనో ఏదో అట వాడి పేరు. ఒక్కసారి వాణ్ణి కలవాలని ఉంది."

"కలిస్తే ఏం చేస్తారు?" అని అడిగింది ఉష ఆత్రంగా. చెంపదెబ్బ అంటుందని ఆశపడిందనుకుంటాను.

"ఏమీ లేదు. నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. నా కొడుకు ఆడుతుంటే నా పక్క కుర్చీలో కూర్చుని చూడమంటాను."

"ఆ మనిషికి పిల్లలు ఉండి ఉండరు" అంది ఉష.

అప్పుడే కౌంటరులో అందుకున్న కరిగించిన చీజు గిన్నె తిరగబడి నా జెర్సీ మీద పడింది. ఉష తుడుస్తూ, ఈయన ఇంట్లోనూ ఇంతేనని డెబ్రాకి సర్దిచెప్పింది.

శనివారం పొద్దున: వాఫిల్ మిషను

బస చేసిన చోట టిఫిన్ మనమే చేసుకోవాలి. ఇనప పెనం లాంటి మిషనులో పిండి పోసి మూత వేస్తే గళ్ళు గళ్ళుగా అట్టు తయారవుతుంది. నేను పోశాను. రెండు నిమిషాలాగి అది గట్టిగా అరిచింది: బీప్, బీప్, బీప్.

నేను ఆపలేదు. ఎలా ఆపాలో తెలియక కాదు. చెయ్యి రాలేదు. వెనక నిలబడ్డ మనుషులు చూస్తున్నారు. అట్టు మాడిన వాసన వచ్చింది. ఉష వచ్చి ఆపింది.

"ఏమైందండీ? మొఖం గట్లున్నదేంది?"

"బాబాయ్ నేనే" అన్నాను.

"ఏ బాబాయి?"

"ఫోరంలో. ఫిన్‌లాండ్ వాడు లేడు. నేనే."

ఉష ప్లేటు పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె తిడుతుందని ఎదురుచూశాను. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆమె తిట్టకపోవడం అదే మొదటిసారి. వెళ్ళి ఒక మూల బల్ల దగ్గర కూర్చుంది. నేనూ వెళ్ళి కూర్చున్నాను.

"నేను ఆ రోజు కారుల ఏడుస్తుంటే మీరు పక్కనే ఉన్నరు" అంది చివరికి.

"ఉన్నాను."

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"సిగ్గేసింది."

"మరి రాసేటప్పుడు?"

అప్పుడు నవ్వొచ్చిందని చెప్పలేకపోయాను.

"ఇయ్యాలే పోయి చెప్పుండ్రి. లిస్టు అయిపోకముందే చెప్పాలె. పేరు పిలిచినంక చెప్తే ఆ సంబురంల కలిసిపోతది, అది మాఫీ అడిగినట్టు కాదు. పిలవకపోతే, ఇగ అప్పుడు చెప్పి ఆ పిల్లగానికి ఏం లాభం?" అని లేచింది. మాడిన అట్టు నా ప్లేటులో వేసి వెళ్ళిపోయింది. తిన్నాను.

శనివారం: రెండు నుంచి ఏడు దాకా

శనివారం వేదికా లేదు, వెలుగులూ లేవు. పేర్లు చకచకా చదువుతూ పోతారు. డెబ్రా, బెన్నెట్ మాకు పది వరసల కింద కూర్చున్నారు. వాడు నీలం కోటు వేసుకున్నాడు. భుజాల దగ్గర బిగుతుగా ఉంది.

రెండో రౌండులో లేచాను. మెట్లు దిగి, వాళ్ళ వరస దాటి, పాప్‌కార్న్ కొనుక్కుని తిరిగొచ్చాను. మూడో రౌండులో లేచి నిమ్మరసంతో వచ్చాను. నాలుగో రౌండులో మా గోల్‌కీపరు పేరు పిలిచారు. ఆ హడావిడిలో కుదరదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఐదో రౌండులో ఉప్పు చల్లిన పెద్ద జంతిక లాంటి ప్రెట్జెల్ తెచ్చాను. ఉష దాని వంక చూడలేదు. నా ఒళ్ళో ఫలహారశాల తయారైంది. ఆరో రౌండు అయిపోవచ్చింది. చుట్టూ జనం పలచబడ్డారు. పేర్లు పిలవనివాళ్ళు కోట్లు విప్పి చేతిమీద వేసుకుని చిన్నగా వెళ్ళిపోతున్నారు.

"ఏడోది మొదలైతుంది" అంది ఉష, బల్లల వైపే చూస్తూ.

దిగాను. ఈసారి వాళ్ళ వరసలోకి తిరిగాను. బెన్నెట్ నన్ను గుర్తుపట్టి, "ఊషా వాళ్ళాయన కదూ" అని లేచి చెయ్యి చాపాడు. నేను చెయ్యి అందుకోలేదు. అందుకున్నాక చెప్పడం కష్టమనిపించింది.

"ఫోరంలో బాబాయ్ అని రాసింది నేనే. రోడ్డు రోలరు మాట నాదే. తప్పు చేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

డెబ్రా నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మీరు ఫిన్‌లాండ్ వాళ్ళా?" అంది.

"కాదండీ. బాబాయ్ అంటే మా భాషలో నాన్నగారి తమ్ముడు."

"ఎవరి నాన్నగారి?"

"అంటే... ఎవరి నాన్నగారైనా."

ఆ పరిస్థితిలో ఇంతకంటే తెలివితక్కువ జవాబు ఇంకొకరు చెప్పలేరు. బెన్నెట్ నేల చూపులు చూస్తున్నాడు. తర్వాత తలెత్తాడు.

"నవంబరులో మీరు ఇంకోటి రాశారు. మొదటి పాసు నా అంత శుభ్రంగా ఇచ్చేవాడు మన టీములో లేడని. అది అమ్మకి చదివి వినిపించాను."

నేను రాసినట్టే నాకు గుర్తులేదు.

"రోలరు మాట నాకూ నవ్వొచ్చింది మొదట. నవ్వురాకపోతే అంతమంది అరవరు కదా" అన్నాడు. "అక్కడే చిక్కొచ్చి పడింది."

వాడు క్షమించానని చెప్పలేదు. నేను మళ్ళీ అడగలేదు. వెళ్దామని వెనక్కి తిరిగితే డెబ్రా నా మణికట్టు పట్టుకుంది.

"కూర్చోండి" అంది.

వాళ్ళిద్దరి మధ్య కుర్చీలో కూర్చున్నాను.

ఏడో రౌండులో ముప్పై రెండు పేర్లు. ఒక్కో పేరుకీ ఒక్కో నిమిషం. జట్టు పేరు చెబుతారు, ఆగుతారు, కుర్రాడి పేరు చెబుతారు. ఆ ఆగిన రెండు క్షణాల్లో డెబ్రా వేళ్ళు నా నరం మీద బిగుసుకునేవి. ఇరవయ్యో పేరు దగ్గరనుకుంటాను, మైకులో "బెన్" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. వాళ్ళిద్దరూ లేవలేదు. ఆ పేరు ఇంకెవరిదో, వేరే బెన్. పైన ఉష చేతులు నోటికి అడ్డం పెట్టుకోవడం కనిపించింది. కూర్చున్నాను. బెన్నెట్ నా మోకాలి మీద ఒకసారి తట్టాడు, నన్నే ఓదారుస్తున్నట్టు.

ఆఖరి పేరు చదివారు, అదీ బెన్నెట్‌ది కాదు. బల్లల దగ్గర పెద్దమనుషులు లేచి చేతులు కలుపుకున్నారు. పనివాళ్ళు వచ్చి తెల్ల గుడ్డలు లాగి మడతపెట్టడం మొదలుపెట్టారు. మేము అక్కడే కూర్చున్నాం. మాత్రల్లో లోపాలు పట్టే ఉద్యోగంలో వెయ్యిసార్లు 'పనికిరాదు' అని సంతకం పెట్టాను. అవతలి వైపు కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

ఉష, మార్జ్ కిందికి వచ్చారు. మార్జ్ నన్ను చూసి, "చెప్పేశావన్నమాట" అంది.

"నీకు తెలుసా?"

"ఫిన్‌లాండ్ వాళ్ళెవరూ ప్రతి పోస్టూ 'కైండ్లీ నోట్' అని మొదలుపెట్టరు, షేష్. ఫిబ్రవరి నుంచి నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాను."

ఉష నన్నొదిలేసి ఆవిడ వంక గుర్రుగా చూసింది. బెన్నెట్ మాత్రం నవ్వాడు. పెద్ద నవ్వు కాదు, ముక్కుతో వచ్చిన చిన్న చప్పుడు. ఆ రోజంతటిలో వాడి దగ్గర్నుంచి వచ్చిన మొదటి నవ్వు.

సరస్సు దగ్గరి హోటలు

అప్పటికి సాయంత్రం నాలుగు. ఎవరు పిలిచారో గుర్తులేదు, అయిదుగురం నడుచుకుంటూ సరస్సు ఒడ్డున ఒక హోటల్‌కి వెళ్ళాం. బఫెలోలో మాంసం పెట్టి అమ్మే ఒక బన్ను ప్రసిద్ధి. పైన కల్లుప్పు, జీలకర్ర లాంటి గింజలు అద్దుతారు. ఉష మాంసం వద్దు, బన్నొక్కటే చాలంది. వడ్డించే అతను లోపలికి వెళ్ళి అడిగొచ్చాడు. ఉత్త బన్ను కొరికి, "జీలకర్ర బిస్కెట్ లెక్కుంది" అని సగం బెన్నెట్ ప్లేటులో పెట్టింది. వాడు తిన్నాడు.

ఎవరూ డ్రాఫ్ట్ ఊసెత్తలేదు. మార్జ్ బస్సు నడిపిన రోజుల కథలు చెబుతోంది. బెన్నెట్ ఫోన్ మోగింది. నంబరు చూసి లేచి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు. కోటు విప్పేశాడు. ఫోన్ చెవికి పెట్టుకుని ఇటు పది అడుగులు, అటు పది అడుగులు. మొహం ఒక్కసారి కూడా మావైపు తిప్పలేదు.

"ఎవరూ చూడకండి" అంది డెబ్రా, తను చూస్తూనే. అందరం మెనూ కార్డులు తీసుకుని చదివాం. నాది తలకిందులుగా ఉందని ఉష తిప్పి చేతికిచ్చింది.

వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు.

"జూలైలో ఒక జట్టు వాళ్ళ క్యాంపు, జాబితాలో లేనివాళ్ళనీ పిలుస్తారట. వారం రోజులు. కాంట్రాక్టు లేదు, మాట ఇవ్వలేదు. వచ్చి ఆడి చూపించమన్నారు" అన్నాడు. "వెనక్కి స్కేటింగ్ మెరుగైందని వాళ్ళ మనిషెవరో చెప్పాడట."

నేను బల్ల కింద నా కాళ్ళ వంక చూసుకున్నాను. మెరుగైనందుకు నన్నెవరూ మెచ్చుకోకూడదని మనసులో గట్టిగా కోరుకున్నాను. ఎవరూ మెచ్చుకోలేదు. బెన్నెట్ ఉప్పు సీసా అందుకోవడానికి వంగి, "మీరు జూలైలో రాస్తారా?" అని నన్నడిగాడు.

"రాయనా?"

"మీ పేరుతో రాస్తే రాయండి."

సరేనన్నాను. మార్జ్ వాడి భుజం చరిచింది. ఉష కళ్ళు తుడుచుకుంటూ ఏ జట్టు, ఏ ఊరు, దగ్గర్లో మన టెంపుల్ ఉందా అని వరసగా అడుగుతోంది. డెబ్రా మాత్రం కొడుకు వంక కూడా చూడలేదు. ఆవిడ ముందున్న ప్లేటు వచ్చింది వచ్చినట్టే చల్లారిపోయి ఉంది. అంతసేపూ ఆవిడ ఒక్క ముద్ద కూడా ముట్టలేదని అప్పుడు గమనించాను. ఆవిడ ఆ ప్లేటు పక్కకి జరిపి, వడ్డించే అతన్ని చెయ్యెత్తి పిలిచింది.

"మెనూ ఇంకోసారి ఇవ్వండి" అంది. "నాకు ఇప్పుడు ఆకలేస్తోంది."